గుండీల్లేని చొక్కా

"గుండీలు, పిన్నులు, గొలుసులు అన్నీ తీసేసి నిలబడమన్నానా లేదా? పోయినసారీ ఇదే గోల!" అని అద్దం గదిలోంచి అరిచాడు ఎక్స్‌రే తీసే అతను.

"తీయడానికి ఉంటే కదా నాయనా!" అంది కత్తెరక్క. "ఇది తలమీంచి తొడుక్కునే చొక్కా. నేనే కుట్టుకున్నాను. దీనికి గుండీ లేదు, హుక్కు లేదు, జిప్పు లేదు. కావాలంటే వచ్చి చూసుకో."

"వాదించకమ్మా. బయట ఇంకా పదిమంది ఉన్నారు."

రాలేదు. చూడలేదు. నాలుగడుగులు వేస్తే ఏం పోయిందో ఆ మహానుభావుడికి! ఊపిరి బిగపట్టమన్నాడు, వదలమన్నాడు, పొమ్మన్నాడు. ఊపిరి బిగపట్టడం ఆవిడ వల్ల కాలేదు. కుడివైపు ఈల వేసినట్టు కూత వచ్చి దగ్గు తెర ముంచుకొచ్చింది. గోడ పట్టుకుని దగ్గి దగ్గి బయటికొచ్చి బల్ల మీద కూలబడింది.

ఆ వీధిలో ఆవిడ్ని అందరూ కత్తెరక్క అనే పిలుస్తారు. ఇరవై రెండేళ్ళుగా దర్జీ పని. చేతిలో ఒక కత్తెర, నోట్లో ఒక కత్తెర. కొలతలివ్వడానికి వచ్చి పొట్ట లోపలికి లాక్కునేవాళ్ళని "వదిలెయ్ బాబూ, ఇంటికెళ్ళి అన్నం తినేది ఆ పొట్టే కదా" అని మొహం మీదే అనేది. అయినా జనం ఆవిడ దగ్గరికే వచ్చేవాళ్ళు. ఎందుకంటే ఆవిడ కన్ను. వంద రీళ్ళున్న అరలోంచి గుడ్డకు సరిపోయే దారాన్ని ఒక్క చూపుతో లాగేది. ఎరుపులోనే ఇరవై ఎరుపులు ఆవిడకు తెలుసు. ఇటుక ఎరుపు, దానిమ్మగింజ ఎరుపు, తుప్పు ఎరుపు, పిల్లాడి మోకాలు చెక్కుకుపోయిన ఎరుపు అని పేర్లు పెట్టుకునేది. కుట్టు ఎవరైనా నేర్చుకుంటారు. ఆ కన్ను నేర్చుకుంటే వచ్చేది కాదు.

ఆ కన్నే ఇప్పుడు పోతోంది. అదీ అసలు మంట.

మొదలు తొమ్మిది నెలల వెనక. ఆ రోజు మధ్యాహ్నం కొట్లో కూర్చుని పసిపిల్ల గౌనుకు టిచ్ బటన్లు కుడుతోంది. చిన్న స్టీలు బటన్లు, కందిబద్దంత. చేతులు ఖాళీ ఉండవు కనక ఏ దర్జీ అయినా బటన్లనీ పిన్నులనీ పెదాల మధ్యే పెట్టుకుంటారు. ఆవిడ పెదాల మధ్య నాలుగున్నాయి. ఎదురుగా ఆడపడుచు. మొగుడి చెల్లెలే, కొట్లో కుడిభుజం. ఒక్కచోట నిలవకుండా మిషనులోని దారపు చుట్టలా గిరగిర తిరుగుతుందని ఆ పిల్లకు 'బాబిన్' అని పేరు పెట్టింది కత్తెరక్కే. పొద్దున వచ్చిన లావుపాటి బేకరీ ఆయన ప్యాంటు తొడుక్కుని, బుగ్గలు పూరించి, ఊపిరి బిగపట్టి, "చూశారా, ఇంకా వదులుగానే ఉంది!" అన్న తీరును బాబిన్ నడుం మీద చేతులు పెట్టుకుని మరీ చేసి చూపించింది.

కత్తెరక్కకు నవ్వు ఆగలేదు. పకపకా నవ్వబోయి ఊపిరి లోపలికి పీల్చింది. అంతే, గొంతు పట్టేసింది. కళ్ళు తేలిపోయాయి. బాబిన్ వీపు మీద దబదబా బాదింది. మూడు బటన్లు టంగుమని నేల మీద పడ్డాయి. నాలుగోది లేదు. పావుగంట దగ్గి, నీళ్ళు తాగి, "చచ్చి బతికానే" అని కళ్ళు తుడుచుకుంది.

సాయంత్రం బాబిన్ ఎప్పటిలాగే అయస్కాంతంతో నేలంతా ఊడ్చింది. రాలిన సూదులూ పిన్నులూ ఏరడానికి దర్జీలందరూ అదే చేస్తారు. "ఇదిగో వదినా, దొరికాడు దొంగ!" అని ఒక టిచ్ బటన్ ఎత్తి చూపించింది. కత్తెరక్క మిషను మీంచి తలెత్తి "హమ్మయ్య" అంది. ప్రాణం తీయబోయిన బటన్ అని నవ్వుకుంటూ బాబిన్ దానికి దారం కట్టి మిషను దీపానికి వేలాడదీసింది. ఆ రోజు నుంచీ అది అక్కడే ఊగుతోంది.

రెండు వారాలకు దగ్గు మొదలైంది. డాక్టరు దగ్గరికి వెళ్ళింది. బల్ల అవతల కూర్చుని, తల ఎత్తకుండా "ఎన్నాళ్ళ నుంచి?" అన్నాడాయన.

"గొంతులో గుండీ పడిన రోజు నుంచండీ..."

"గుండీయా?"

"అది బయటికి వచ్చేసింది లెండి. నేల మీద దొరికింది."

"దర్జీ పనా? సరే. నూలు దుమ్ము పడదు మీకు. ముక్కుకు గుడ్డ కట్టుకోండి." అని రాసిచ్చాడు. తర్వాతి మనిషి అప్పటికే లోపలికి వచ్చేశాడు.

సిరప్పులు తాగింది. దగ్గు తగ్గలేదు. పీల్చే మందన్నారు, మూడు నెలలు పీల్చింది. తగ్గలేదు సరికదా, జ్వరాలు పట్టుకున్నాయి. అప్పుడు ఎక్స్‌రే తీశారు. ఆ రోజు ఫోటోకు అంటించిన చీటీ మీద ఏం రాశారో ఆవిడకు చెప్పినవాళ్ళు లేరు. ఫోటో నేరుగా ఫైల్లోకి పోయింది. డాక్టరు ఫైలు చూసి, కఫం పరీక్షలో ఏమీ లేదు గానీ కుడి ఊపిరితిత్తి కింద మచ్చ ఉంది, అది టీబీయే అన్నాడు. "కఫంలో లేదంటున్నారు కదండీ?" అంటే "కొందరికి కనబడదు" అన్నాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు!

మందులు మొదలయ్యాయి. ఇంట్లో తన కంచం, తన గ్లాసు తనే వేరు పెట్టుకుంది. వార్త వీధికి పాకింది. పసిపిల్లల గౌన్లు రావడం మానేశాయి. "మీ మీద అనుమానం కాదక్కా, పసివాళ్ళు కదా" అని మెల్లగా చెప్పి గుడ్డలు వెనక్కి తీసుకెళ్ళినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళని ఏమంటుంది? నోరు మూసుకుని గుడ్డ మడతపెట్టి ఇచ్చింది. ఆవిడ జన్మలో నోరు మూసుకున్నది అప్పుడే.

మూడో నెలలో ఒకావిడ తాను కుట్టించుకున్న ఎర్ర గౌను పట్టుకొచ్చి బల్ల మీద పడేసింది. "ఇదేం కుట్టు? వేళాకోళమా?" అంది. కత్తెరక్కకు అర్థం కాలేదు. బాబిన్ గౌను తిరగేసి చూసి మొహం తిప్పుకుంది. ఎర్ర గుడ్డ మీద, మెడ నుంచి అంచు దాకా, ఆకుపచ్చ దారం.

ఆ రోజు కొట్టు మూసి ఇద్దరూ అర ముందు కూర్చున్నారు. బాబిన్ ఒక్కొక్క రీలూ తీసి చూపించింది. కత్తెరక్క చెప్పింది. పసుపు చెప్పింది, నీలం చెప్పింది. ఎరుపు దగ్గరికి వచ్చేసరికి అన్నీ ఉతికి ఉతికి వెలిసిన గోధుమరంగు గుడ్డల్లా కనబడ్డాయి. ఇరవై ఎరుపులూ ఒక్కటైపోయాయి. ఆకుపచ్చ కూడా వాటి పక్కనే వచ్చి కూర్చుంది. బాబిన్ మందుల పెట్టెలోంచి మడతపెట్టిన కాగితం తీసి చదివింది. చూపు మందగించవచ్చు, ఎరుపు ఆకుపచ్చ తేడా తెలియకపోవచ్చు, అలా అయితే వెంటనే వైద్యుడికి చెప్పాలి అని అందులో ఉంది.

వెంటనే చెప్పారు. "కాగితాల్లో అన్నీ రాస్తారమ్మా. నలభై ఆరు దాటాయి, కళ్ళద్దాలు పెట్టించుకోండి. మందులు ఆపితే మాత్రం ప్రాణానికే ముప్పు" అన్నాడు డాక్టరు.

అదీ సంగతి. మింగితే కన్ను పోతుంది, మానితే ప్రాణం పోతుంది. ముందు నుయ్యి వెనక గొయ్యి. నాలుగో నెల నిండే దాకా రోజూ పొద్దున్నే ఆ మాత్రలు మింగి, కొట్టు తెరవగానే అర ముందు నిలబడి ఎరుపులు వెతుక్కునేది. ఒక్కటీ పలికేది కాదు. మందు పనిచేస్తోందో లేదో చూద్దామని మళ్ళీ ఎక్స్‌రేకు పంపించాడు డాక్టరు. అట్లా వచ్చిందీ ఇవాళ, గుండీల్లేని చొక్కాతో.

ఇంతలో ఎక్స్‌రే గది తలుపు తెరుచుకుంది. "ఫైళ్ళు మోసే మనిషి రాలేదు. పాతదీ కొత్తదీ మీరే పైకి పట్టుకెళ్ళండి" అని రెండు పెద్ద కవర్లు చేతిలో పెట్టాడతను.

మెట్ల మలుపులో కిటికీ ఉంది. ఆయాసం తీర్చుకోవడానికి ఆగింది. ఆగినది ఊరుకుంటుందా? కవర్లోంచి ఫోటో లాగి వెలుతురుకు పెట్టింది. నలుపూ తెలుపే కనక రంగులతో పని లేదు. పక్కటెముకలు, పక్కన బూడిదరంగు మబ్బు. ఆ మబ్బు మొదట్లో, కుడివైపు, తెల్లగా, గుండ్రంగా ఒకటి. అంచు చుట్టూ నాలుగు చిల్లులు. నడుమ బొడిపె.

ఇరవై రెండేళ్ళలో అట్లాంటివి ఎన్ని వేలు కుట్టిందో! గుడ్డివాళ్ళు కూడా తడిమి చెప్పేస్తారు. రెండో ఫోటో లాగింది. నాలుగు నెలల కిందటిది. అదే చోట, అదే వాలులో, అదే బటన్. దానికి అంటించిన చీటీ మీద రాసి ఉంది: 'బట్టల మీది బటన్ నీడ. పట్టించుకోనక్కర్లేదు.' ఇప్పుడే టైపు కొట్టిన కొత్త చీటీ మీదా అదే మాట. పైగా 'మళ్ళీ' అని చేర్చారు.

అరికాలి మంట నెత్తికెక్కడం అంటే ఏమిటో ఆవిడకు అప్పుడు తెలిసింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, నా గుండెల్లో గుండీని పెట్టుకుని నాలుగు నెలలు నాకు మందు పోశార్రా! మిగతా మెట్లు ఎట్లా ఎక్కిందో ఆవిడకే తెలియదు. వరసలో కూర్చున్నవాళ్ళు "అమ్మా, నంబరు..." అంటున్నా వినకుండా తలుపు తోసింది.

"ఇదేమిటండీ?" అని రెండు ఫోటోలూ బల్ల మీద పడేసింది.

డాక్టరు చూశాడు. "అది బట్టల మీది బటనమ్మా. రిపోర్టులో రాశారు కదా."

"ఏ బట్టల మీది? చూపించండి." చొక్కా ముందు భాగం గుప్పెట్లో పట్టుకుని చూపించింది. "ఇదిగో, ఇది నేను కుట్టుకున్న చొక్కా. గుండీ ఎక్కడుందో చూపించండి! నాలుగు నెలల కింద వేసుకున్నదీ ఇట్లాంటిదే, అది నీలం, ఇది పసుపు. రెండు చొక్కాలకీ ఒకేచోట, ఒకే వంకరలో గుండీ ఉంటుందా? కింద అతనికి నోరు నొప్పెట్టేలా చెప్పాను, లేదు నాయనా అని. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది!"

ఆయన రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి దీపం వెలిగించాడు. ఒకదాని మీద ఒకటి పెట్టి చూశాడు.

"మరి మీరు... గుండీ బయటికి వచ్చేసిందని మీరే అన్నారుగా?" అన్నాడు చివరికి.

గుర్తుంది! అంటే విన్నాడు. ఆ ఒక్క మాట విన్నాడు, మిగతాదంతా వినలేదు. కత్తెరక్క అంది: "అన్నాను. నేను దర్జీనండీ. నాకు గుడ్డ సంగతి తెలుసు, గుండీ సంగతి తెలుసు. ఊపిరితిత్తి సంగతి నాకేం తెలుసు? అది తెలిసినవారు మీరు కదా. ఎట్లా వచ్చింది, ఎవరు చూశారు, అదే గుండీ అని ఎట్లా చెప్పగలవు అని అడగాల్సింది మీరు కదా!"

ఆయన ఏదో రాయబోయాడు. ఆవిడ ఫోటోలు లాక్కుని వచ్చేసింది.

దారిపొడుగునా ఒకటే ఆలోచన. నేల మీద దొరికింది మరేమిటి? కొట్టు మెట్లెక్కుతూనే మిషను దగ్గరికి వెళ్ళి దీపానికి వేలాడుతున్న బటన్‌ను పుటుక్కున తెంపింది. అరచేతిలో పెట్టుకుంది. పసిపిల్ల గౌనుకు కుట్టే బటన్ పక్కన పెట్టింది.

రెట్టింపు ఉంది. అది కోటుకు కుట్టే బటన్. ఎప్పుడు రాలిందో, ఏ కోటుదో. తొమ్మిది నెలలు ముక్కు ముందు ఊగింది. రోజూ చూసింది. ఒక్కరోజూ చూడలేదు.

"బాబిన్!" అన్న కేకకు పక్క కొట్టువాళ్ళు కూడా బయటికొచ్చారు. "ఇది పసిపిల్ల గౌను బటనా? చెప్పవే! బండిచక్రమంత ఉంది, ఇది నా గొంతులో పట్టేదా?"

బాబిన్ చూసింది. "నేనే వదినా... నేనే దొరికిందన్నాను..." అని అక్కడే నేల మీద కూర్చుని ఏడవడం మొదలుపెట్టింది.

కొట్టాలన్నంత కోపం వచ్చింది. చెయ్యెత్తింది కూడా. కానీ ఎవరిని కొడుతుంది? అది ఎత్తి చూపిస్తే తలకాయ ఊపింది తను. దారం కొంచెం రంగు మారితే గుడ్డంతా విప్పించే మనిషి, తన ప్రాణం దగ్గర మాత్రం దూరం నుంచి చూసి హమ్మయ్య అంది. "లే. ఏడిస్తే ఊడిరాదు అది" అని చెయ్యి పట్టి లేపింది. "పద, ఇంకో ఆస్పత్రికి."

ఆ ఆస్పత్రిలో ఉన్న డాక్టరు పెద్దావిడ. పొడుగ్గా, సన్నగా, గొంతు బొంగురుగా. ఫోటో చూడకముందే "పని చేసేటప్పుడు నోట్లో ఏమేం పెట్టుకుంటావమ్మా?" అని అడిగింది. తొమ్మిది నెలల్లో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి. కత్తెరక్కకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే అంతా చెప్పింది. డాక్టరమ్మ మధ్యలో ఒక్కసారీ ఆపలేదు. పక్కకి నిలబెట్టి ఒక ఫోటో తీయించింది. చొక్కా మీద కాదు, ఛాతీ నడుమ, గాలి గొట్టంలో ఉంది బటన్. "పక్క నుంచి ఒక్క ఫోటో తీసినా తెలిసిపోయేది" అంది, కోపం దాచుకోకుండా. టీబీ మందులు ఆ రోజే ఆపించింది.

మర్నాడు మత్తిచ్చి నోట్లోంచి సన్నటి గొట్టం దింపి లాగారు. దాని చుట్టూ కండ పెరిగిపోయిందట, గంటన్నర పట్టింది. చిన్న సీసాలో వేసి ఇచ్చారు. నల్లగా, చీము అంటుకుని, నాలుగు చిల్లులతో. కుడి ఊపిరితిత్తి కింది ముక్క చాలావరకు పాడైందనీ, అది ఎంత కోలుకుంటుందో చెప్పలేననీ డాక్టరమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది.

"మరి రంగులమ్మా?" అంది కత్తెరక్క. అంతసేపూ ఆవిడ అడగాలనుకున్నది అదే.

"చాలామందికి తిరిగి వస్తాయి. కొందరికి రావు. ముందే ఆపి ఉంటే బాగుండేది."

రెండు నెలలు చూసింది. కూత పోయింది, జ్వరం పోయింది. మెట్లు ఎక్కగలుగుతోంది. రోజూ పొద్దున్నే అర ముందు నిలబడేది. ఎరుపులు పలకలేదు. చివరికి బాబిన్ ప్రతి రీలు మీదా చిన్న కాగితం ముక్క అంటించి పేరు రాసింది. ఇటుక. దానిమ్మ. తుప్పు. మోకాలు. తన పేర్లు తనే చదువుకుని దారం తీసుకోవాల్సి వచ్చింది కత్తెరక్క.

ఆ రోజే మొదటి ఆస్పత్రికి వెళ్ళింది. బాబిన్‌ను వెంటబెట్టుకుని, సంచిలో ఫోటోలూ, సీసా, రెండు రీళ్ళూ పెట్టుకుని. ఈసారి వరసలో కూర్చుని, నంబరు పిలిచాకే లోపలికి వెళ్ళింది. డాక్టరు చూడగానే లేచి నిలబడ్డాడు. "ఎలా ఉన్నారమ్మా? తీసేశారని విన్నాను. చాలా సంతోషం. ఇలాంటి కేసులు అరుదు. ఆ సీసా ఇస్తే మా జూనియర్లకు చూపిస్తాను" అన్నాడు.

కత్తెరక్క సీసాను చేత్తో మూసేసింది. రెండు రీళ్ళూ బల్ల మీద పెట్టింది. కాగితం ముక్కలు అంటించనివి.

"వీటిలో ఎర్రదేది డాక్టరుగారూ?"

ఆయన ఆవిడ మొహం చూశాడు. మెల్లగా ఎడమదాన్ని చూపించాడు.

"చూశారా, మీకు తెలుస్తోంది. ఇరవై రెండేళ్ళు ఈ వీధికంతటికీ నేను చెప్పాను ఏది ఏ ఎరుపో. ఇప్పుడు నాకు మీరు చెప్పాలి."

"అమ్మా, జరిగినదానికి..."

"క్షమాపణ అక్కర్లేదు. దానితో దారం ఎక్కించుకోలేను." పాత చీటీ తీసి ఆయన ముందు పెట్టింది. "'బట్టల మీది బటన్, పట్టించుకోనక్కర్లేదు.' ఇది మీ ఫైల్లో ఇట్లాగే ఉంటుంది కదా? రేపు ఎవరైనా తీసి చూస్తే, ఎవరో మొద్దు మనిషి గుండీ విప్పకుండా వచ్చిందనుకుంటారు. నేను విప్పకుండా రాలేదు. కొట్టేయండి. ఊపిరితిత్తిలో బటన్, మేం చూసీ చూడలేదు అని రాయండి. కింద సంతకం పెట్టండి. మీ ఫైలుకొకటి, నాకొకటి."

"అలా మార్చడానికి వీల్లేదమ్మా, పద్ధతి ఉంటుంది."

"నా కళ్ళు మార్చడానికి ఏ పద్ధతి చూశారు?" అంది కత్తెరక్క. గొంతు పెంచలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది. బాబిన్ తలుపుకు ఆనుకుని నిలబడింది. బయట వరసలోని వాళ్ళు తొంగిచూస్తున్నారు. ఎవరూ నంబరు అనలేదు.

చాలాసేపటికి ఆయన జేబులోంచి పెన్ను తీశాడు. పాత మాటను అడ్డంగా కొట్టేశాడు. కింద రాశాడు. సంతకం పెట్టాడు. రెండో కాగితం మీదా అదే రాసి ఇచ్చాడు. ఆవిడ ప్రతి అక్షరం వేలు పెట్టి చదివింది. తప్పు లేదు. మడిచి సంచిలో పెట్టుకుంది, రీళ్ళు తీసుకుంది, సీసా తీసుకుంది.

ఆస్పత్రి గేటు దాటాక ఎండలో ఆగింది. కాగితం మళ్ళీ విప్పి కళ్ళకు దగ్గరగా పెట్టుకుంది, దూరంగా పెట్టుకుంది.

"బాబిన్," అంది, "ఏ రంగు సిరాతో రాశాడే?"

బాబిన్ కాగితం మీదికి వంగి చూసింది.

"ఎరుపు వదినా."